పాత ఆర్కేడ్ మెషిన్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత

పాత ఆర్కేడ్ మెషిన్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, లోపలున్నదంతా పీకేసి, పిక్చర్ ట్యూబ్ స్థానంలో ఎల్‌సీడీ మానిటర్ బిగించి, వేలకొద్దీ ఆటలున్న చైనా బోర్డు ఒకటి తగిలించడం. దయచేసి ఆ పని చేయకండి. ఆ బోర్డు, ఆ మానిటర్ రేపైనా కొనుక్కోవచ్చు, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. తొంభైలలో మన గల్లీల్లో, సినిమా హాళ్ళ పక్కన, కాలేజీల ఎదురుగా ఉన్న వీడియో గేమ్ షాపుల్లో నడిచిన మెషిన్లు మాత్రం చాలావరకు తూకానికి పోయాయి, మిగిలినవి ఏ గోడౌన్‌లోనో చెదలు పట్టి ఉన్నాయి. ఒక్కటి దొరికినా దాన్ని దానిలాగే నిలబెట్టాలి.

హైదరాబాద్‌లో దొరికేవి జపాన్ నుంచి వచ్చిన సెగా, టైటో క్యాబినెట్లలా ఉండవు. ఎక్కువ భాగం ఇక్కడి కార్పెంటర్ ప్లైవుడ్ కోసి, పైన సన్మైకా అతికించి, లోపల టీవీ పిక్చర్ ట్యూబ్ పెట్టి, బయట నుంచి తెచ్చిన బోర్డు తగిలించి చేసినవే. లోకల్ డబ్బాయే కదా అని ఎలా పడితే అలా కోసేసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. క్యాప్కామ్ వాళ్ళు 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఆటని, అంటే మనందరి ముస్తఫాని, రూపాయి కాయిన్ వేసి మనం ఆడింది ఈ డబ్బాల మీదే. జపాన్ మెషిన్‌కి చేసే మర్యాద దీనికీ చేయాలి.

మొత్తం పనికి నియమం ఒక్కటే పెట్టుకోండి. ఏ మార్పు చేసినా మళ్ళీ వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి. వైరు కోయాల్సి వస్తే కోసినచోట కనెక్టర్ పెట్టండి, కొత్త రంధ్రం వేసే బదులు పాత రంధ్రమే వాడండి, తీసిన ప్రతి నట్టూ బోల్టూ జిప్ కవర్‌లో వేసి పైన పేరు రాయండి. ఏదైనా విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీయండి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి, ఎందుకంటే నెల తర్వాత ఆ పసుపు వైరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

కొనేటప్పుడు, తెచ్చేటప్పుడు

ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో జుమ్మెరాత్ బజార్‌లోనో మొత్తం మెషిన్ దొరకడం అరుదు, కానీ జాయ్‌స్టిక్‌లు, పాత టీవీ చాసిస్‌లు (ట్యూబ్‌ని నడిపే సర్క్యూట్ బోర్డులు), ఎస్‌ఎంపీఎస్‌లు (గేమ్ బోర్డుకి కరెంటు ఇచ్చే పవర్ సప్లైలు) లాంటివి కంటపడతాయి. మెషిన్ కావాలంటే ఒకప్పుడు షాపు నడిపినవాళ్ళని, పాత సామాను కొనేవాళ్ళని అడుగుతూ ఉండాలి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు టార్చ్ పట్టుకెళ్ళి వెనక తలుపు తీయించండి. ముందు చూడాల్సింది పిక్చర్ ట్యూబ్ మెడ, అంటే వెనక సన్నగా వచ్చే గాజు గొట్టం. అది విరిగిందంటే ట్యూబ్‌లో వాక్యూమ్ పోయింది, ఇక దానికి ప్రాణం లేదు. తర్వాత డబ్బా అడుగు పట్టీని వేలితో గట్టిగా నొక్కండి, లోపలికి దిగితే నీళ్ళు తాగిందని అర్థం. అమ్మేవాళ్ళు "ఆన్ చేసి చూపిస్తా" అంటే వద్దనండి. ఏళ్ళ తరబడి పడి ఉన్న మెషిన్‌కి ఒక్కసారిగా కరెంటు ఇస్తే బాగున్న పార్టు కూడా కాలిపోవచ్చు.

ట్రాలీ ఆటోలో నిలబెట్టే తీసుకురండి, పడుకోబెట్టొద్దు. తెర ముందున్న గాజును ముందే తీసి దుప్పట్లో చుట్టి విడిగా పెట్టండి. బోర్డు కూడా తీసి, వెండి రంగు యాంటీ స్టాటిక్ కవర్‌లో, అది లేకపోతే మామూలు కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రండి. ప్లాస్టిక్ కవర్‌లో వద్దు.

కరెంటు

ఇంటికి తెచ్చాక రెండు మూడు రోజులు అసలు ప్లగ్ పెట్టకండి. ముందు దుమ్ము. మెత్తటి పెయింట్ బ్రష్‌తో రాల్చి, వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని దూరంగా పట్టుకుని లాగేయండి. లోపల ఎలుకలు తిరిగి ఉంటే వైర్ల తొడుగు కొరికేసి ఉంటాయి, ఒక్కో వైరు వెంట చేయి పోనిచ్చి చూడండి.

తర్వాత మెయిన్ వైరు. పాత షాపు మెషిన్లలో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్ ఉంటుంది, ఎర్త్ అసలు ఉండదు. ముందు దాన్ని తీసేసి మూడు పిన్నుల ప్లగ్, మంచి మూడు కోర్ల కేబుల్ వేయండి. ఎర్త్ వైరుని ట్యూబ్ బిగించిన ఇనుప ఫ్రేమ్‌కి, కంట్రోల్ ప్యానెల్ రేకుకి, కాయిన్ డోర్‌కి మూడింటికీ కలపాలి. పిల్లలు చేతులు పెట్టే రేకు అది. ఇంట్లో ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకోండి. విదేశాల నుంచి వచ్చిన మెషిన్ అయితే వెనక ప్లేటు మీద వోల్టేజ్ చదవండి. జపాన్‌ది 100 వోల్టులు, అమెరికాది 110 నుంచి 120. మన 230 నేరుగా ఇస్తే క్షణంలో పోతుంది, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇక ఎస్‌ఎంపీఎస్. గేమ్ బోర్డు, మానిటర్ రెండూ విడదీసి, ఎస్‌ఎంపీఎస్‌ని ఒంటరిగా పరీక్షించాలి. కొన్ని పాత సప్లైలు లోడ్ లేకపోతే సరిగ్గా పనిచేయవు, అందుకని 5 వోల్టుల లైనుకి ఒక 12 వోల్టుల కారు ఇండికేటర్ బల్బు కట్టి చూడండి. 5, 12 వోల్టులు రావాలి, మైనస్ 5 లైను ఉంటే అదీ. మల్టీమీటర్‌ని ఏసీకి మార్చి అదే 5 వోల్టుల లైను మీద పెడితే దాదాపు సున్నా చూపించాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులు దాటి కనిపిస్తే లోపల ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయినట్టే, బాగుచేయడం కంటే కొత్త ఆర్కేడ్ ఎస్‌ఎంపీఎస్ కొనడం మేలు. పాతది పారేయకండి, డబ్బా అడుగునే ఒక మూల బిగించి ఉంచండి.

పిక్చర్ ట్యూబ్, చాసిస్

అందరూ భయపడేది ఇక్కడే, భయపడాల్సింది కూడా ఇక్కడే. ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ట్యూబ్ పైన ఉన్న రబ్బరు కప్పు దాకా వెళ్ళే లావాటి వైరులో మెషిన్ నడుస్తున్నప్పుడు 20 వేల వోల్టుల పైనే ఉంటుంది. ప్లగ్ పీకేసినా ట్యూబ్ ఆ ఛార్జ్‌ని పట్టుకుని ఉంటుంది. ఇంతవరకు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోనివాళ్ళు ఈ భాగాన్ని ఒక పాత టీవీ మెకానిక్‌కి అప్పగించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మన బస్తీల్లో సీఆర్‌టీ టీవీలు బాగుచేసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆర్కేడ్ మెషిన్ చూడకపోయినా చాసిస్ చూడగానే వాళ్ళకి అర్థమైపోతుంది. వాళ్ళ పక్కన కూర్చుని చూస్తే మీకూ వస్తుంది.

మీరే చేస్తామంటే ఇలా చేయండి. ప్లగ్ పీకి, ప్లగ్ మీ కంటికి కనిపించేలా మెషిన్ పైన పెట్టండి. ఉంగరాలు, వాచీ, కడియం తీసేయండి, చెప్పులు వేసుకోండి. పొడవాటి ఫ్లాట్ స్క్రూడ్రైవర్ తీసుకుని, దాని ఇనుప కడ్డీకి క్లిప్పుల వైరు ఒకవైపు తగిలించి, రెండోవైపు ట్యూబ్ వెనక నల్లటి పూత మీదుగా సాగదీసి కట్టిన అల్లిక తీగకి తగిలించండి. ముందు తీగకి, తర్వాతే ట్యూబ్ దగ్గరికి, ఈ క్రమం మారకూడదు. ఒక చేయి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడి మాత్రమే పట్టుకుని, మొనని రబ్బరు కప్పు కిందకి నెమ్మదిగా తోయండి, లోపలి లోహపు క్లిప్పు తగిలేదాకా. టప్ మని చిన్న చప్పుడు రావచ్చు, రాకపోవచ్చు కూడా. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చేయండి, ఎందుకంటే ట్యూబ్‌లో ఛార్జ్ కొంత మళ్ళీ పోగవుతుంది. చాసిస్ మీద మెయిన్ ఫిల్టర్ కండెన్సర్ ఒకటి ఉంటుంది, అన్నిటికన్నా లావుగా ఉండేది. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చాక అందులో 320 వోల్టుల పైచిలుకు నిలుస్తుంది. దాని రెండు కాళ్ళకి హోల్డర్‌లో పెట్టిన ఫిలమెంట్ బల్బు వైర్లు తాకిస్తే దిగిపోతుంది. తర్వాత మల్టీమీటర్‌తో సున్నా అయిందో లేదో చూసుకున్నాకే చేయి పెట్టండి.

చాసిస్ బయటికి వచ్చాక దాన్ని తిరగేసి, వెలుతురులో, భూతద్దంతో సోల్డర్ వైపు చూడండి. ఈహెచ్‌టీ కాళ్ళు, హారిజాంటల్ ట్రాన్సిస్టర్ కాళ్ళు, యోక్ (ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్స్) కనెక్టర్ పిన్నులు, వేడెక్కే పెద్ద రెసిస్టర్ల కాళ్ళు, ఈ నాలుగు చోట్లా ఆగి చూడాలి. బాగున్న సోల్డర్ నున్నగా, పిన్ను చుట్టూ ఎక్కినట్టు ఉంటుంది. డ్రై సోల్డర్ పడ్డచోట పిన్ను చుట్టూ వెంట్రుక మందాన నల్లటి ఉంగరంలా గీత కనిపిస్తుంది, పిన్నుని వేలితో ఊపితే అది సోల్డర్ లోపల కదులుతుంది. పాత సోల్డర్ పంపుతో లాగేసి, కొంచెం ఫ్లక్స్ రాసి, 60/40 సీసం కలిసిన కొత్త సోల్డర్ వేయండి. ఈ ఒక్క పనితోనే బొమ్మ తిరిగి వచ్చే మానిటర్లు చాలా ఉంటాయి, కండెన్సర్ల జోలికి వెళ్ళకముందే ఇది చేయాలి.

తర్వాత కండెన్సర్లు. ఎలక్ట్రోలిటిక్‌వి మాత్రమే ఎండిపోతాయి, మిగతావి కదిలించక్కర్లేదు. చాసిస్ మీద ఉన్నవన్నీ జాబితా రాసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళండి, ఒక్క గల్లీలో దాదాపు అన్నీ దొరుకుతాయి. షాపులో "అన్నా, 105 డిగ్రీలవే కావాలి" అని ముందే చెప్పాలి, లేకపోతే 85 డిగ్రీలవి చేతిలో పెడతారు. మే నెలలో మూసి ఉన్న డబ్బాలో అవి ఎక్కువ కాలం నిలవవు. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజ్ అంతే లేదా కాస్త ఎక్కువ. అన్నీ ఒకేసారి పీకేయకుండా ఒకటి తీసి ఒకటి వేయండి, మైనస్ గీత ఏ వైపు ఉందో తీసే ముందే గుర్తు పెట్టుకోండి. తిప్పి వేస్తే పేలుతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన మెకానిక్‌లు వాడే సిరీస్ బల్బు పద్ధతి కంటే మంచిది నాకు తెలిసి లేదు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుని ఫేజ్ లైనులో వరుసగా పెట్టి, దాని ద్వారా మానిటర్‌కి కరెంటు ఇవ్వాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. డీగాసింగ్ కాయిల్ (ట్యూబ్‌కి పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే తీగచుట్ట) కనెక్టర్ పీకి ఉంచండి, లేకపోతే అది లాగే కరెంటుకే బల్బు వెలిగి కంగారు పెడుతుంది. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే లోపల షార్ట్ లేదు. పూర్తి వెలుగుతో అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపేయండి, ఎక్కడో షార్ట్ ఉంది, ముందుగా అనుమానించాల్సింది హారిజాంటల్ ట్రాన్సిస్టర్‌ని. బల్బు ఉన్నప్పుడు బొమ్మ పూర్తిగా రాకపోవచ్చు, అది మామూలే.

బొమ్మ వచ్చాక అది చెప్పేది చదవండి. తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క గీత వస్తే వర్టికల్ సెక్షన్ పనిచేయట్లేదు, వర్టికల్ ఐసీ, దాని చుట్టూ ఉన్న కండెన్సర్లు, యోక్ కనెక్టర్ చూడాలి. ఆ గీత ఎక్కువసేపు ఉంటే ట్యూబ్ లోపలి పూతని కాల్చేస్తుంది కాబట్టి వెంటనే ఆపండి. ఒక రంగు మొత్తం రాకపోతే మెడ మీద తగిలించిన చిన్న బోర్డులో డ్రై సోల్డరో, బోర్డు నుంచి వచ్చే వైరో. బొమ్మ పైకి కిందకి పరుగెడితే సింక్, అంటే బొమ్మని నిలబెట్టే సిగ్నల్, చూడాలి. తెరంతా తెల్లబారి వెనక్కి పోయే ఏటవాలు గీతలు కనిపిస్తే ఈహెచ్‌టీ మీద ఉండే స్క్రీన్ నాబ్ కొంచెం తగ్గించాలి, మసకగా ఉంటే దాని పక్కనున్న ఫోకస్ నాబ్. మూలల్లో ఊదా, ఆకుపచ్చ మచ్చలుంటే అయస్కాంతం పట్టింది, డీగాస్ చేస్తే పోతుంది. పక్కనే స్పీకర్ బాక్సులుంటే ముందు వాటిని జరపండి.

ట్యూబే చచ్చిపోతే ఏం చేయాలి? అప్పుడు కూడా ఎల్‌సీడీ అవసరం లేదు. ఆ కాలపు ఆర్కేడ్ బోర్డులు ఎక్కువగా ఇచ్చేది 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్, మన పాత కలర్ టీవీ నడిచేది కూడా దాదాపు అంతే, 15.625. అందుకే 21 అంగుళాల పాత టీవీ ట్యూబ్ ఈ డబ్బాల్లో అంత చక్కగా అమరింది. ఎవరింట్లోనో అటక మీద పడున్న 21 అంగుళాల టీవీ సంపాదించి, దాని యోక్ కాయిల్స్ రెసిస్టెన్స్ పాతదానితో కొలిచి పోల్చండి, దగ్గరగా ఉంటే ఆ ట్యూబ్‌ని మీ చాసిస్‌తో నడిపించే అవకాశం బాగా ఉంది. పోయిన ట్యూబ్‌ని చెత్తకుండీ పక్కన పెట్టేయకండి, ఆ గాజులో సీసం ఉంటుంది, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.

గేమ్ బోర్డు

మానిటర్, సప్లై నమ్మకంగా పనిచేస్తున్నాయి అనుకున్నాకే బోర్డు తగిలించాలి. 1985 తర్వాత వచ్చిన బోర్డుల్లో చాలావాటికి జామా అనే ఉమ్మడి వైరింగ్ పద్ధతి కనెక్టర్ ఉంటుంది, 56 పిన్నులు, ఒక్కో వైపు 28. బోర్డు అంచున ఉండే ఆ బంగారు రంగు పట్టీలని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కనెక్టర్‌లో 7వ పిన్ను దగ్గర అడ్డం ఒకటి ఉంటుంది, తిరగేసి పెట్టకుండా కాపాడేది అదే. పాత మెషిన్లలో అది విరిగిపోయి ఉంటుంది, విరిగితే కొత్త కనెక్టర్ వేసేయండి, ఎందుకంటే తిరగేసి పెట్టి స్విచ్ వేస్తే బోర్డు పోయినట్టే. మెషిన్ ఆన్‌లో ఉండగా బోర్డు పెట్టడం, తీయడం ఎప్పుడూ చేయొద్దు.

వోల్టేజ్ కొలవాల్సింది ఎస్‌ఎంపీఎస్ దగ్గర కాదు, బోర్డు మీద. పాత వైర్లలో, కనెక్టర్‌లో కొంత పడిపోతుంది. బోర్డు చివర ఏదైనా 14 కాళ్ళ చిన్న లాజిక్ ఐసీ చూసి 7, 14 కాళ్ళ మధ్య పెడితే సాధారణంగా 5 వోల్టుల లైను తెలిసిపోతుంది. 4.95 నుంచి 5.10 మధ్య ఉండేలా సప్లై మీద చిన్న స్క్రూ తిప్పండి. తక్కువైతే ఆట మధ్యలో రీసెట్ అవుతుంది, 5.25 దాటితే ఐసీలకి ప్రమాదం.

బ్యాటరీ గురించి కాస్త ఓపిగ్గా చదవండి, తెలియక బోర్డులు చంపేసేవాళ్ళు ఇక్కడే ఎక్కువ. నియో జియో బోర్డుల్లో, అంటే కింగ్ ఆఫ్ ఫైటర్స్, మెటల్ స్లగ్ నడిచేవాటిలో, చాలావాటికి 3.6 వోల్టుల రీచార్జబుల్ బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. అది కారి చుట్టూ నీలం, ఆకుపచ్చ పొడి పడుతుంది, రాగి గీతల్ని తినేస్తుంది. దాన్ని వెంటనే కత్తిరించి తీసేసి, పొడి ఉన్నచోట వెనిగర్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఇది తీసినా ఆట నడుస్తుంది. క్యాప్కామ్ సీపీఎస్ 2 బోర్డు సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. అందులో లిథియం బ్యాటరీ పట్టుకుని ఉండేది ఆట తాళాన్ని తీసే కీని. బ్యాటరీ తీసేసినా, దానంతట అది అయిపోయినా ఆట చచ్చిపోతుంది. ఇప్పుడు ఆ కీని తిరిగి రాయించే పద్ధతి ఉంది కానీ నడుస్తున్న బోర్డుని తెలియక ముట్టుకోవద్దు. ముస్తఫా అసలు క్యాప్కామ్ బోర్డుకి కూడా బ్యాటరీ ఉంది. మన షాపుల్లో తిరిగిన వాటిలో చాలావరకు కాపీ బోర్డులు, వాటిల్లో సాధారణంగా ఆ బ్యాటరీ ఉండదు, అందుకే అవి ఇన్నేళ్ళు బతికాయి. కాపీ బోర్డు అని తక్కువగా చూడకండి, మనం ఆడింది, మన చరిత్ర అదే.

మధ్యలో గాజు కిటికీ ఉన్న ఐసీలు కనిపిస్తే అవి ఈప్రామ్‌లు, ఆట ఉన్నది వాటిల్లోనే. ఎండ, అతినీలలోహిత కాంతి పడితే చెరిగిపోతాయి, కాబట్టి కిటికీ మీద స్టిక్కర్ ఊడిపోతే వెంటనే మందపాటి నల్ల టేపు వేయండి. టీఎల్866 లాంటి చిన్న ప్రోగ్రామర్ (చిప్‌లని చదివే, రాసే పరికరం) దొరికితే ప్రతి చిప్‌లో ఉన్నదీ చదివి కంప్యూటర్‌లో దాచుకోండి. చిప్ పాడైనప్పుడు మళ్ళీ రాసుకోవడానికి అదే ఆధారం.

స్టిక్, బటన్లు, కాయిన్

ఇది సరదా పని, పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేయొచ్చు. ప్రతి బటన్ కింద మైక్రోస్విచ్ ఉంటుంది, మూడు కాళ్ళు. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, కామన్ కాలికీ ఎన్ఓ (నొక్కితేనే కలిసే) కాలికీ తాకించి నొక్కితే బీప్ రావాలి, వదిలితే ఆగాలి. రాకపోతే స్విచ్ మార్చండి, బటన్ మొత్తం మార్చక్కర్లేదు. వరుసగా కొన్ని బటన్లు ఒకేసారి చచ్చిపోతే స్విచ్‌లు పోయాయని అనుకోకండి. గ్రౌండ్ వైరు ఒక స్విచ్ నుంచి ఇంకోదానికి గొలుసులా వెళ్తుంది, ఎక్కడ తెగితే అక్కడి నుంచి అవతలివన్నీ పనిచేయవు.

జాయ్‌స్టిక్‌ని విప్పి స్ప్రింగ్, కింద ఉండే సీ ఆకారపు క్లిప్పు, ప్లాస్టిక్ ముక్కలు డిష్‌వాష్ లిక్విడ్‌తో కడిగి, రాసుకునేచోట సిలికాన్ గ్రీజు కొంచెం పూయండి. కొబ్బరి నూనె రాయొద్దు, దుమ్ము పట్టి బంకగా మారుతుంది. స్టిక్ తల మీద అరిగిన మెరుపు అలాగే ఉండనివ్వండి, అన్ని చేతులు పట్టుకున్న గుర్తు అది. మామూలు జామా వైరింగ్‌లో ఒక్కో ఆటగాడికి మూడు బటన్లే ఉంటాయి. స్ట్రీట్ ఫైటర్ 2 లాంటి ఆరు బటన్ల ఆటకి కిక్ బటన్ల కోసం బోర్డు మీద వేరే కనెక్టర్ ఉంటుంది, దానికి విడిగా వైరింగ్ చేయాలి.

కంట్రోల్ ప్యానెల్ రేకు తుప్పు పట్టి ఉంటే బాలానగర్ వైపు చిన్న వర్క్‌షాపుల్లో పౌడర్ కోటింగ్ చేయించుకోవచ్చు.

కాయిన్ మెకానిజం దగ్గర ఒక చిక్కుంది. 1992 నుంచి వచ్చిన స్టీల్ రూపాయి 25 మిల్లీమీటర్లు, 2011 నుంచి వచ్చింది సుమారు 22. పాత కొలతకి సరిచేసి ఉన్న స్లాట్ కొత్త రూపాయిని తీసుకోకుండా కిందకి వదిలేస్తుంది. మెకానిజాన్ని మార్చకండి, పాత 25 మిల్లీమీటర్ల కాయిన్లు కొన్ని పోగేసి మెషిన్ పక్కన గిన్నెలో పెట్టుకోండి. శాంపిల్ కాయిన్‌తో పోల్చుకునే రకం అయితే మాత్రం లోపలి శాంపిల్‌ని మారిస్తే సరిపోతుంది.

చెక్క, సన్మైకా, బొమ్మలు

చెక్క పని చివరికి పెట్టుకోండి. అందరూ మొదట రంగు వేసేసి, తర్వాత ఎలక్ట్రికల్ పని చేస్తూ ఆ రంగుని గీకేసుకుంటారు.

పాడయ్యేది ఎక్కువగా అడుగు భాగమే, రోజూ షాపు కడిగిన నీళ్ళకి. కుళ్ళిన పట్టీ వరకు నిటారుగా కోసి తీసేసి, అదే మందం ప్లైవుడ్ ముక్కని వెనక నుంచి ఇంకో పట్టీ ఆసరా ఇచ్చి మెరైన్ ఫెవికాల్, స్క్రూలతో అతకండి. ఈ ముక్కకి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, చిన్న ముక్కే కాబట్టి ఖర్చు పెద్దగా ఉండదు. అతుకు మీద లప్పం పెట్టి, ఆరాక ఎమరీ పేపర్‌తో నున్నగా చేయాలి. కింద రబ్బరు కాళ్ళో చక్రాలో వేసి నేల నుంచి ఒక అంగుళం పైకి లేపండి. చెదలు ఉంటే మెషిన్‌ని బాల్కనీకి తెచ్చి, సిరంజితో రంధ్రాల్లో మందు ఎక్కించి, వాసన పూర్తిగా పోయాకే ఇంట్లో పెట్టండి.

సన్మైకా లేచినచోట హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, కింద జిగురు పూసి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచితే కూర్చుంటుంది. మొత్తం పీకి కొత్తది వేయడం నాకు ఇష్టం ఉండదు. పక్కల మీద చేత్తో వేసిన బొమ్మలు, షాపు పేరు, రేటు రాసిన అక్షరాలు ఉంటే వాటి మీద రంగు వేయొద్దు, సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి వదిలేయండి. పైన వెలిగే బోర్డు బొమ్మ చిరిగిపోతే, తీసే ముందే స్కాన్ చేయించండి. కొలతలు మిల్లీమీటర్లలో రాసుకుని, వెనక నుంచి వెలుతురు వచ్చేలా బ్యాక్‌లిట్ షీట్ మీద ప్రింట్ తీయమని ఫ్లెక్స్ షాపులో అడిగితే చేసిస్తారు. దాని వెనకున్న ట్యూబ్‌లైట్, చోక్ వేడెక్కుతాయి, ఎల్‌ఈడీ ట్యూబ్ వేసి పాత పట్టీని లోపలే ఉంచండి.

అన్నీ బిగించాక బోర్డు టెస్ట్ మోడ్‌లోకి వెళ్ళండి, చాలా బోర్డుల్లో గళ్ళ బొమ్మ ఉంటుంది. ఆ గళ్ళు నలువైపులా సమానంగా, నిటారుగా వచ్చేదాకా మానిటర్ సైజు, పొజిషన్ నాబ్‌లు ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో సరిచేయండి. మెషిన్‌ని గోడకి ఆనించకుండా వెనక జానెడు ఖాళీ వదలండి. వానాకాలంలో వారానికి ఒకసారైనా అరగంట నడపండి, లోపలి తేమ ఆరిపోతుంది. ఏయే పార్టు మార్చారో, ఏ వోల్టేజ్ పెట్టారో తేదీలతో ఒక కాగితం మీద రాసి వెనక తలుపు లోపలివైపు అతికించండి, రేపు దాన్ని విప్పే మనిషికి పని సగం తగ్గుతుంది.